ఊరు ముందా, ఫ్లాట్ ముందా: ఎక్కడ ఉండాలో తేల్చుకునే లెక్క

పెళ్లయిన రెండో నెలలో మా నాన్నగారు తెనాలి నుంచి ఫోన్ చేసి "ఫ్లాట్ ఎక్కడ చూస్తున్నారు?" అని అడిగారు. ఏ ఊళ్లో ఉందామనుకుంటున్నారు అని అడగలేదు. ఆయన దృష్టిలో ఊరు అప్పటికే తేలిపోయింది, హైదరాబాద్. ఇక మిగిలింది మియాపూరా, కూకట్‌పల్లా అన్నదే. అద్దె కట్టడమంటే డబ్బు తీసుకెళ్లి కాలవలో పోయడమే అని ఆయన నమ్మకం. తెనాలి మధ్యలోంచి మూడు కాలవలు పారుతుంటాయి కాబట్టి ఆ పోలిక ఆయనకి చేతికందేంత దూరంలోనే ఉంటుంది.

ఆ తర్వాత మేం కొండాపూర్, నిజాంపేట, బెంగళూరు వైట్‌ఫీల్డ్, మళ్లీ నిజాంపేట, ఇలా నాలుగు ఇళ్లు మారాం. అందులో రెండు మార్పులు అసలు అక్కర్లేనివి, ముందే కాగితం మీద కూడిక, తీసివేత వేసుకుని ఉంటే తప్పిపోయేవి. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, మా ఆవిడ ఫార్మా కంపెనీలో మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఈ రెండు ఉద్యోగాల మధ్య ఇరుక్కుని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మీ ఊళ్లు వేరైనా లెక్క వేసే పద్ధతి పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఊరు ఎంచుకోవడం ఒక నిర్ణయం, ఇల్లు కొనడం ఇంకో నిర్ణయం. మన ఇళ్లల్లో ఈ రెండూ కలిపేస్తారు, పైగా రెండోదే ముందు జరిగిపోతుంది. ఎవరో ప్రీ లాంచ్ ఆఫర్ అంటారు, మావయ్యగారు బుక్ చేశారని మనమూ చేస్తాం, ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆ ఫ్లాట్‌కి దగ్గరలో ఉద్యోగం వెతుక్కుంటాం. మీరు ప్రస్తుతం ఏదైనా బ్రోషర్ పట్టుకుని ఉంటే కాసేపు పక్కన పెట్టండి.

రెండో ఉద్యోగం నుంచి మొదలుపెట్టండి

రెండో ఉద్యోగం అంటే నా లెక్కలో రెండున్నాయి. ఇంట్లో ఇంకొకరి ఉద్యోగం ఒకటి, ఇప్పుడున్న ఉద్యోగం పోతే వెతుక్కోవాల్సింది ఇంకొకటి. మొదటి ఉద్యోగం గురించి అందరూ ఆలోచిస్తారు, ఆఫర్ లెటర్ చేతిలో ఉంటుంది కాబట్టి. ఊరి గట్టిదనం తెలిసేది మాత్రం రెండోదాంతోనే.

ఇది తేల్చడానికి ఒక సాయంత్రం చాలు. నౌకరీలోనో లింక్డ్‌ఇన్‌లోనో మీ పని పేరు, మీ అనుభవం, ఆ ఊరు పెట్టి, గత నెల రోజుల్లో పడిన ఉద్యోగాలు మాత్రం చూడండి. ప్రకటనల సంఖ్య చూసి సంతోషించకండి, ఒకే ఉద్యోగాన్ని నాలుగు కన్సల్టెన్సీలు వేస్తుంటాయి. వేర్వేరు కంపెనీలు ఎన్ని ఉన్నాయో పేర్లు రాసుకుంటూ లెక్కపెట్టండి. ఆరేడు కూడా రాకపోతే మీరు ఊరిని నమ్ముకుని వెళ్లట్లేదు, ఒక్క మేనేజర్‌ని నమ్ముకుని వెళుతున్నారు. తర్వాత అదే పని మీ ఆవిడకో, ఆయనకో చెయ్యండి. ఇక్కడే చాలామంది జారిపోతారు, "నువ్వు అక్కడికెళ్లాక చూసుకోవచ్చులే" అంటారు. నేనూ అన్నాను.

మా కథ చెప్తాను. హైదరాబాద్‌లో ఫార్మా పడమర వైపు ఐటీ పక్కన ఉండదు. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, శామీర్‌పేట దాటాక జీనోమ్ వ్యాలీ, ఇవీ వాళ్ల చోట్లు. నా ఆఫీసు నానక్‌రామ్‌గూడలో, ఆవిడది జీడిమెట్లలో. కొత్తలో నా ఆఫీసుకి దగ్గరని కొండాపూర్‌లో దిగాం. నాకు పావుగంట ప్రయాణం, ఆవిడకి మాత్రం కంపెనీ బస్సు ఎక్కే పాయింటుకి చేరడమే పెద్ద ప్రయాణం. మధ్యాహ్నం మొదలయ్యే బీ షిఫ్ట్ పడిన రోజు ఇంటికి వచ్చేసరికి అర్ధరాత్రి. ఒకరోజు అన్నం ముందు కూర్చుని "ఏవండీ, మీ ఆఫీసు పక్కన మనం ఉంటున్నాం సరే, నేనెక్కడ ఉంటున్నాను?" అంది. ఆ నెలాఖరుకే నిజాంపేట మారాం. నాకు గంట, ఆవిడకి నలభై నిమిషాలు. ఇద్దరికీ కొంచెం కష్టమే, కానీ ఇద్దరికీ.

2022లో నాకు బెంగళూరు నుంచి మంచి ఆఫర్ వచ్చింది, వైట్‌ఫీల్డ్‌లో. అక్కడా ఫార్మా, బయోటెక్ కంపెనీలు బోలెడున్నాయి కదా అనుకున్నాం. ఉన్నాయి, బొమ్మసంద్ర, జిగణి వైపు. అంటే ఊరికి ఆ చివర. మళ్లీ అదే కొండాపూర్ కథ, ఈసారి కన్నడంలో. ఏడు నెలలు ఆవిడ ఇంట్లో ఉంది, ఆ తర్వాత తక్కువ జీతానికి చేరింది. మేం తిరిగి వచ్చేశాక 2025 ఆగస్టులో బొమ్మసంద్రకి మెట్రో ఎల్లో లైన్ తెరిచారు. అదప్పుడే ఉన్నా మాకు ఒరిగేదేం లేదు, వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ దాకా వెళ్లి, అక్కడ ఒకసారి, ఆర్‌వీ రోడ్‌లో ఇంకోసారి లైను మారాలి.

అందుకే మ్యాప్‌లో ఊరి పేరు చూడకండి, ఇద్దరి ఆఫీసులూ రెండు చుక్కలు పెట్టి మధ్యలో ఏముందో చూడండి. మధ్యలో ఏమీ లేకపోతే, షిఫ్టులు ఉన్నవాళ్లకి, రోజూ తప్పనిసరిగా వెళ్లాల్సినవాళ్లకి దగ్గరగా ఉండండి. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసేవాళ్లే దూరం భరించాలి. మా ఇంట్లో ఇప్పుడు అదే పద్ధతి.

హైక్ చేతికి వచ్చేసరికి ఎంత మిగులుతుంది

18 లక్షల మీద 24 లక్షలు ఇస్తామంటే ఆరు లక్షలు, అంటే నెలకి 50 వేలు ఎక్కువ అనుకుంటాం. అలా రాదు. 2025-26 కొత్త పన్ను విధానం స్లాబులతో వేస్తే, స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేశాక, 18 లక్షల మీద పన్ను సెస్‌తో కలిపి లక్షా యాభై వేల పైచిలుకు, 24 లక్షల మీద రెండు లక్షల తొంభై రెండు వేల పైచిలుకు. ఆరు లక్షల్లో లక్షా నలభై వేలు పన్నుకే పోతాయి. మిగిలింది నెలకి సుమారు 38 వేలు. అదీ మొత్తం జీతంగా ఇస్తేనే, మన సీటీసీల్లో (కంపెనీ మన మీద పెట్టే మొత్తం ఖర్చు) వేరియబుల్ పే, కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ కలిపి చూపిస్తారు కదా. హెచ్ఆర్‌ని మొహమాటపడకుండా "నెలకి చేతికి ఎంత వస్తుంది" అని అడిగి, మెయిల్‌లో తీసుకోండి.

ఇప్పుడు ఆ 38 వేలలోంచి తీసివేతలు. మాకు అద్దె 17 వేలు పెరిగింది. ఆవిడ జీతం 55 వేలు ఆగిపోయింది. అంటే ఆ ఏడు నెలలు మేం "హైక్" తీసుకుని నెలకి 34 వేలు నష్టపోయాం, ఆఫీసులో స్వీట్లు కూడా పంచాను. అడ్వాన్సు ఇంకో దెబ్బ. హైదరాబాద్‌లో రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ఇచ్చేవాళ్లం, బెంగళూరులో ఐదారు నెలలది అడిగారు, ఇంకా పాతకాలం ఓనర్లు పది నెలలదని కూర్చుంటారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం రెండుచోట్లా మామూలే. బ్రోకర్‌కి ఒక నెల అద్దె. ఇవన్నీ కూడి పన్నెండుతో భాగించి నెల ఖర్చులో కలపండి, అప్పుడే అసలు అంకె కనబడుతుంది.

అలాగని డబ్బు తక్కువైన ప్రతి మార్పూ తప్పని నేననను. పాతిక, ముప్పై ఏళ్ల మధ్య, పెళ్లి కాకముందు, పని నేర్పే చోటికి తక్కువ మిగిలినా వెళ్లొచ్చు. హాస్టల్ మంచం మీద బతికే వయసులో ఊరు ఏదైనా ఒకటే. మా తమ్ముడు అమీర్‌పేట హాస్టల్‌లో ఉన్నప్పుడు ఉన్నంత కులాసాగా మళ్లీ ఎప్పుడూ లేడు.

అద్దె, ఈఎంఐ, నాన్నగారి కాలవ

నాన్నగారి మాట తీసెయ్యాల్సింది కాదు, కానీ దాన్ని అంకెల్లో పెట్టి చూడాలి. కోటి రూపాయల ఫ్లాట్ అనుకుందాం. 20 లక్షలు చేతి డబ్బు, 80 లక్షలు లోన్, వడ్డీ 8 శాతం, ఇరవై ఏళ్లు. ఈఎంఐ దాదాపు 66,900. రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ, మిగతా ఛార్జీలు కలిపి తెలంగాణలోనైనా ఆంధ్రాలోనైనా ఏడున్నర శాతం, అంటే ఏడున్నర లక్షలు. ఇంకా కడుతున్న ఫ్లాట్ అయితే దాని మీద 5 శాతం జీఎస్టీ, కట్టడం అయిపోయి ఓసీ (ఇక కాపురం ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చాక కొంటే అది ఉండదు. లోపల కప్‌బోర్డులు, ఫాల్స్ సీలింగ్ వగైరా మీ ఇష్టం, మీ బావగారి ఇల్లు చూసి వచ్చాక మీ ఆవిడ ఇష్టం.

అలాంటి ఫ్లాటే అద్దెకి 28 వేలకి దొరుకుతుంది. ఇది మా వీధిలో నేను చూసిన లెక్క, మీ ఏరియాలో టులెట్ బోర్డు మీద నంబరుకి ఫోన్ చేసి మీరే తెలుసుకోండి. ఒక్కటే చూడాలి, ఏడాది అద్దె ఇంటి ధరలో ఎంత శాతం. మూడు, మూడున్నర శాతం దగ్గర ఉంటే, ఎనిమిది శాతం వడ్డీకి అప్పు తెచ్చి మూడు శాతం అద్దె మిగుల్చుకుంటున్నారన్నమాట. మిగతాదంతా ధర పెరుగుతుందన్న నమ్మకం.

ఇక కొన్న మూడేళ్లకి ఊరు మారాల్సి వచ్చిందనుకోండి. ఆ మూడేళ్లలో ఈఎంఐల కింద 24 లక్షలు కడతారు. అప్పులో అసలు మొత్తం తగ్గేది ఐదున్నర లక్షలే, మిగతా పద్దెనిమిదిన్నర లక్షలు వడ్డీ. అదే మూడేళ్లు అద్దెకుంటే పదిలక్షల చిల్లర. కాలవలో పోసేది ఎవరు మరి? ఈ లెక్క తెనాలిలో డైనింగ్ టేబుల్ మీద పరిచి చూపించాను. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూసి, "మూడేళ్లకే ఎందుకు మారతావురా?" అన్నారు.

ప్రశ్న అదే. పదేళ్లు ఆ ఇంట్లో ఉంటారా? ఉంటే కొనండి, రిజిస్ట్రేషన్, ఇంటీరియర్ ఖర్చులు పదేళ్ల మీద పరుచుకుంటాయి, అద్దె పెరుగుతూ పోతే ఈఎంఐ అక్కడే ఉంటుంది, వయసు మళ్లాక ఓనరు ఖాళీ చెయ్యమంటాడన్న టెన్షన్ ఉండదు. ఉంటామో లేదో తెలియకపోతే అద్దెకుండండి. నేను పెట్టుకున్న నియమం ఏంటంటే, ఒక ఏరియాలో రెండు వేసవులు, రెండు వానాకాలాలు అద్దెకున్నాకే అక్కడ కొనే మాట. కొనేటప్పుడు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, ఓసీ, లింకు డాక్యుమెంట్లు, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) పరిధిలో ఉందా లేదా అన్నది, ఇవన్నీ వేరే చర్చ. కానీ హైదరాబాద్‌లో చెరువు దగ్గర కొనేవాళ్లు ఆ చివరిది మాత్రం ఎట్టి పరిస్థితుల్లో మర్చిపోకండి. ప్రీ లాంచ్ అని రెరా నంబరు రాకముందే డబ్బు అడిగేవాళ్లకి దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. నిబంధనల ప్రకారం రిజిస్టర్ చేయించుకోకుండా వాళ్లు అమ్మకూడదు కూడా.

పిల్లలుంటే ఇది చదవకుండా పెట్టె సర్దకండి

మన రెండు రాష్ట్రాల వాళ్లకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది, లోకల్, నాన్ లోకల్. విభజన తర్వాత పదేళ్లున్న ఉమ్మడి ప్రవేశాల ఏర్పాటు 2024 జూన్‌తో అయిపోయింది. ఇప్పుడు తెలంగాణలో మెడికల్ సీటుకి లోకల్ అనిపించుకోవాలంటే మామూలుగా ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఇక్కడే చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. బదిలీల మీద తిరిగే ప్రభుత్వోద్యోగుల పిల్లల్లాంటివాళ్లకి మినహాయింపులున్నాయి. ప్రభుత్వ ఉద్యోగాలకి వేరే కొలత, తెలంగాణలో ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారన్నది చూస్తారు. కాబట్టి పిల్ల ఎనిమిది పూర్తిచేసే ఏడాది చాలా ఖరీదైన ఏడాది. ఊరు మారాలనుంటే దానికి ముందే మారండి, లేదా ఇంటర్ అయ్యేదాకా ఆగండి. నీట్‌కి చదివించాలనుకుంటూ తొమ్మిదో తరగతిలో బెంగళూరు వెళ్లి, ఇంటర్‌కి తిరిగొచ్చినవాళ్లు కన్వీనర్ కోటా (ర్యాంకు మీద ప్రభుత్వం నింపే సీట్లు) దగ్గర నిలబడి ఎవర్ని తిట్టాలో తెలియక తిట్టుకోవడం చూశాను. నిబంధనలు మారుతుంటాయి, ఆ ఏడాది నోటిఫికేషన్ మీరే చదువుకోండి, వాట్సాప్‌లో వచ్చింది నమ్మకండి.

భాష సంగతి. కర్ణాటకలో చాలా స్కూళ్లలో కన్నడం ఒక భాషగా చదవాలి, తమిళనాడులో తమిళం, తెలంగాణలో తెలుగు. ఒకటో తరగతి పిల్లాడికి అది ఆట, ఆరో తరగతి పిల్లాడికి యుద్ధం. బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం వైపు తెలుగు మాట్లాడుతూనే బతికెయ్యొచ్చు, పచ్చిపులుసు నుంచి గోంగూర దాకా అన్నీ దొరుకుతాయి. కానీ మీ అబ్బాయి తెలుగు చదవడం నేర్చుకోవాలంటే ఆ బడి మీ ఇంట్లోనే పెట్టాలి.

ఊరికెళ్లే దారి

అమ్మానాన్నలకి డెబ్బై దాటాయా? అయితే జీతం, అద్దె పక్కన మూడో గడి ఒకటి గీసి, "రాత్రి పదింటికి ఫోనొస్తే తెల్లారేసరికి అక్కడ ఉంటానా" అని రాసుకోండి. హైదరాబాద్ నుంచి తెనాలికి రైల్లో ఐదారు గంటలు, లేదా కారేసుకుని విజయవాడ హైవే. బెంగళూరు నుంచి ఒక రాత్రంతా, అదీ టికెట్ ఉంటే. 2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులుండేది. సంక్రాంతి టికెట్ల కోసం నవంబరు మధ్యలో పొద్దున్నే ఎనిమిదింటికి ఫోను పట్టుకుని కూర్చోవాలి. తప్పితే ప్రైవేటు బస్సువాడు ఎంతంటే అంత. అలాంటి సంక్రాంతులు రెండు గడిపాం. రెండోదానికి వెళ్లనే లేదు.

పెద్దవాళ్లని మనతో తెచ్చేసుకుంటాం అనే మాట చాలామంది అంటారు. తెచ్చుకోండి, కానీ ముందు నెల రోజులు ఉంచి చూడండి. మా అమ్మ వైట్‌ఫీల్డ్‌లో పదకొండో అంతస్తులో పదహారు రోజులుంది. పదిహేడో రోజు "ఒరేయ్, కిందకి దిగితే ఎవరితో మాట్లాడాలో తెలియట్లేదురా" అని టికెట్ తియ్యమంది. నిజాంపేటలో మూడో అంతస్తు, కింద కూరగాయల బండి, పక్క ఫ్లాట్‌లో గుంటూరు వాళ్లు. వస్తే నెలన్నర ఉంటుంది.

మంగళవారం చూడండి

ఆదివారం చూసిన ఏరియా అబద్ధం చెప్తుంది. రోడ్లు ఖాళీ, అపార్ట్‌మెంట్‌లో పిల్లలు ఆడుకుంటుంటారు, లేక్ వ్యూ. మంగళవారమో బుధవారమో సెలవు పెట్టి, పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆ ఇంటి గేటు దగ్గర నుంచి ఆఫీసుకి వెళ్లండి, సాయంత్రం ఆరున్నరకి తిరిగి రండి. వర్షం పడే రోజు దొరికితే అదృష్టం, ఐకియా దగ్గర వానలో ఒకసారి ఇరుక్కుంటే ఏరియా గురించి నేను చెప్పాల్సింది ఏమీ ఉండదు. హైదరాబాద్ మెట్రో మంచిదే, కానీ నీలం లైను రాయదుర్గం దగ్గర ఆగిపోతుంది, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి అక్కడి నుంచి బస్సో షేర్ ఆటోనో. మియాపూర్ నుంచి ఎక్కితే అమీర్‌పేటలో దిగి మారి వెనక్కి రావాలి. "మెట్రోకి దగ్గర" అన్న ప్రకటన చూసినప్పుడు, మీ ఆఫీసు కూడా మెట్రోకి దగ్గరేనా అని చూసుకోండి.

నీళ్ల గురించి ఓనర్‌ని అడగొద్దు, వాచ్‌మన్‌ని అడగండి. "ఏప్రిల్, మేలో రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తాయి" అని. మంజీరా కుళాయి నీళ్లు వస్తాయా, ఎన్ని రోజులకోసారి, బోరు ఎండుతుందా. 2024 వేసవిలో బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లో నీళ్లు రోజుకి రెండు పూటలే వదిలారు, ట్యాంకర్ల ఖర్చంతా మెయింటెనెన్స్‌లో కలిపారు. హైదరాబాద్ పడమర వైపు కూడా ఎత్తైన టవర్లు వచ్చినంత వేగంగా నీళ్లు రాలేదు. మెయింటెనెన్స్ చదరపు అడుక్కి ఎంతో, కరెంటు పోతే లిఫ్టు ఒక్కటే పనిచేస్తుందా, ఇంట్లో ఫ్యాన్లు కూడానా, ఈ సంగతులూ వాచ్‌మనే చెప్తాడు. టీకి యాభై రూపాయలివ్వండి, బ్రోకర్‌కిచ్చే నెల అద్దె కన్నా ఆ యాభైకే ఎక్కువ సమాచారం వస్తుంది.

మరి వైజాగ్, విజయవాడ సంగతేంటి

ఇది అందరూ అడుగుతారు, ముఖ్యంగా సముద్రం చూసి వచ్చిన వారం. వైజాగ్ నాకూ ఇష్టమే. ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో సాయంత్రం ఆరింటికి ఆఫీసు వదిలి ఆరున్నరకి బీచ్‌లో మురీ మిక్చర్ తింటున్నవాణ్ణి చూస్తే కుళ్లుగా ఉంటుంది. ఫార్మావాళ్లకైతే పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం ఉన్నాయి కాబట్టి మా ఆవిడ లాంటివాళ్లకి అది నిజంగా గట్టి ఊరే. సాఫ్ట్‌వేర్‌కి ఇప్పుడిప్పుడే. టీసీఎస్‌కి 2025లో ప్రభుత్వం 99 పైసల నామమాత్రపు ధరకి భూమి ఇచ్చింది, అదే ఏడాది అక్టోబరులో గూగుల్ 1500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటించింది. బాగుంది. కానీ డేటా సెంటర్‌లో పెట్టుబడి ఎంత పెద్దదైనా లోపల కూర్చుని పనిచేసే మనుషులు దానికి తగ్గంత మంది ఉండరు, ఇది గుర్తుపెట్టుకోండి. ప్రకటన చూసి భూమి ధర ఆ రోజు సాయంత్రమే పెరుగుతుంది, ఉద్యోగాలు నెమ్మదిగా వస్తాయి. ఇక్కడ కూడా నా సలహా ముందు చెప్పిందే, నౌకరీ తెరిచి కంపెనీల పేర్లు లెక్కపెట్టండి.

మా బావమరిది కోవిడ్ టైంలో ఇంటి నుంచి పని అని హైదరాబాద్ ఖాళీ చేసి వైజాగ్ వెళ్లి, రెండేళ్లకి అక్కడే ఫ్లాట్ కొన్నాడు. ఆ తర్వాత వాళ్ల కంపెనీ వారానికి మూడు రోజులు ఆఫీసుకి రమ్మంది. ఇప్పుడు సోమవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాడు, మూడు రోజులు మాదాపూర్ హాస్టల్‌లో ఉంటాడు, గురువారం సాయంత్రం మళ్లీ అదే రైలు. సముద్రం కనిపించే బాల్కనీకి ఈఎంఐ కడుతూ, కిటికీ లేని గదిలో పడుకుంటున్నాడు. వర్క్ ఫ్రమ్ హోమ్ అనేది ఆఫర్ లెటర్‌లో రాసి ఉందా, మేనేజర్ నోటి మాటేనా అన్నది చూడకుండా సొంతూరికి వెళ్లేవాళ్లు వీణ్ణి ఒకసారి తలుచుకోండి. రాసి ఉన్నా సరే, ఆ కంపెనీ పోతే తర్వాతి కంపెనీ ఆ మాట ఇస్తుందా అన్నది ఇంకో ప్రశ్న.

విజయవాడ, గుంటూరు, అమరావతి వైపు గురించి తక్కువే చెప్తాను. డాక్టర్లు, లెక్చరర్లు, వ్యాపారం ఉన్నవాళ్లు, ప్రభుత్వోద్యోగులు హాయిగా ఉండొచ్చు, ఉంటున్నారు. రాజధాని పనులు 2025 మేలో మళ్లీ మొదలయ్యాయి. అక్కడ స్థలం కొనడం పెట్టుబడి, వెళ్లి ఉండటం బతుకు, రెండూ ఒకే కాగితం మీద రాసుకోకండి. ఎండాకాలం మాత్రం నన్నడగండి, తెనాలివాణ్ణి.

తేల్చుకున్నాక

ఇద్దరూ విడివిడిగా కూర్చుని, మంగళవారం పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఆ ఊళ్లో ఎలా గడుస్తుందో గంటల లెక్కన రాయండి. పాలు ఎవరు తెస్తారు, పిల్లాణ్ణి స్కూల్ బస్సు దగ్గర ఎవరు దింపుతారు, జ్వరమొస్తే ఎవరు సెలవు పెడతారు. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. మా రెండు కాగితాల్లో నా మంగళవారంలో షటిల్ కోర్టు ఉంది, ఆవిడ మంగళవారంలో నిద్ర లేదు. బెంగళూరు వదిలెయ్యడానికి నాకు ఇంకే లెక్కా అక్కర్లేకపోయింది.

వెళ్లే ముందు కొన్ని చిన్న పనులు. అద్దె అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకే రాస్తారు. అందులో ఏటా పెంచే శాతం, ఖాళీ చేసేటప్పుడు నోటీసు ఎన్ని నెలలు, పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారు, ఈ మూడూ అంకెల్లో రాయించండి. "మనలో మనకేముందండీ, చూసుకుందాం" అనే ఓనరు దగ్గర మరీ జాగ్రత్తగా రాయించండి. మొదటి ఏడాది ఫర్నిచర్ కొనకండి, అద్దెకి తెచ్చుకోండి.

కారు సంగతి మాత్రం ముందే తేల్చుకోవాలి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకి మించి ఉంచితే అక్కడి నంబరుకి మార్చుకోవాలి, దానికి ఇక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), లోన్ ఉంటే బ్యాంకు నుంచి కూడా, ఆపైన అక్కడి లైఫ్ ట్యాక్స్. నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీ అయితే రాష్ట్రం మారినా మార్చక్కర్లేని బీహెచ్ సిరీస్ నంబరు ఒకటుంది, మీ రాష్ట్రంలో ఇస్తారేమో కొత్త కారు కొనేటప్పుడే అడగండి. నేను అడగలేదు. బెంగళూరు తీసుకెళ్లి అక్కడ పన్ను కట్టాను, ఇక్కడ కట్టినదాంట్లో మిగిలిన ఏళ్ల వాపసు కోసం ఒక ఆఫీసులో అర్జీ పెట్టాను. రెండేళ్లకి మేమే తిరిగొచ్చేశాం. ఆ అర్జీ ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది, మూడు సెట్ల జెరాక్సులతో సహా.